కడుపు పాఠం

కలప లారీ గుద్దిన అడవిపంది బడి మెట్ల ముందు పడి ఉంది. పక్కటెముకలు ఒకవైపు లోపలికి కుంగిపోయాయి. నోట్లోంచి నురగతో కలిసిన రక్తం ఇంకా కారుతూనే ఉంది. పిల్లల్లో కొందరు ముక్కులు మూసుకున్నారు, కొందరు కర్రతో పొడిచి చూస్తున్నారు. కొత్త టీచరు మాత్రం పుట్టింటి నుంచి పార్సిలు వచ్చినంత సంబరపడిపోయింది. చేతిలో సుద్దముక్క గూట్లో పడేసి, మిల్లు షెడ్డులోకి పరిగెత్తి, పెద్ద రంపం దగ్గర నిలబడి ఉన్న మొగుణ్ణి కత్తి అడిగింది.

"ఎవరి మీదికి?" అన్నాడతను, దుంగ మీది నుంచి చూపు తిప్పకుండా.

"నీ మీదికి కాదులే. పెళ్లయి నెల కూడా కాలేదు. ఇంకొన్నాళ్లు చూస్తాను."

అతను నవ్వి నడుముకున్న కత్తి తీసిచ్చాడు. కనుబొమల మీద, చెవుల్లో, మెడ మడతల్లో రంపపు పొట్టు. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ చెవుల్లో పొట్టు బట్టకొసతో తీసే పని ఆమెది. రోజంతా ఆ పని కోసమే ఎదురుచూసేదంటే నమ్మాలి. ఉన్నది ఒకటే గది, ఒకటే తలగడ. రెండోది కొందామని అతనంటే ఆమే వద్దంది. మామగారి ముందు "ఏవండీ" అని, ఆయన అటు తిరగ్గానే "ఒరేయ్" అనడం ఆమెకి ఇంకో సరదా. "ఏవండీ" అన్న ప్రతిసారీ అతనికి పొలమారేది.

ఆమెది అడవి లోపలి ఊరు. వాళ్ల మనుషుల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల ఆమే. ఆ మనుషులకు ఒక పద్ధతి ఉంది. వేట ఇంటికొచ్చాక ముందు మాంసం కొయ్యరు, కడుపు కోస్తారు. పిల్లలంతా చుట్టూ కూర్చోవాలి. కడుపులోంచి ఏది బయటపడితే దాని పేరు చెప్పాలి, అదెక్కడ ఉంటుందో, దాని కడుపులోకి ఏం పోతుందో చెప్పాలి. గొలుసు ఎంతదూరం సాగితే అంతదూరం సాగాలి. చివర్లో పెద్దవాళ్లు ఒక్కొక్క పిల్ల మొహంలోకి చూసి "మరి నిన్నెవరు తింటారు?" అని అడుగుతారు. జవాబు లేని పిల్లకి ఆ పూట మాంసం లేదు. చిన్నప్పుడు ఆమె ఒకసారి నన్నెవరూ తినరని గొప్పలకు పోయి పస్తు పడుకుంది. దోమ దగ్గర మొదలుపెట్టి మట్టిలో పురుగు దాకా తనని తినేవాళ్లందరూ గుర్తొచ్చేసరికి తెల్లారింది. కాలేజీలో అడవి గురించి బొమ్మలేసి, బాణం గుర్తులు పెట్టి చెప్పినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. బాణం గుర్తులకి వాసన లేదు.

పంది పొట్టను నిలువునా కోసింది. పేగులు జారి మెట్టు మీద కుప్పగా పడ్డాయి, ఆవిరి లేచింది. పొడుగ్గా ఉండే పిల్లాడొకడు వెనక్కి పరిగెత్తి కక్కుకుని, మూతి తుడుచుకుని మళ్లీ వచ్చి కూర్చున్నాడు. టీచరు సంచీలాంటి జీర్ణాశయాన్ని చీల్చి లోపలున్నది పలక మీద పరిచింది. నమిలిన వేళ్లు, వానపాములు, బల్లి తోక, అత్తిపళ్ల గుజ్జు.

"పంది కడుపులో పండు," అన్నారు పిల్లలు.

"పండు కడుపులో?"

"గింజ."

"గింజ కడుపులో?"

"చెట్టు," అంది మిరియం. తరగతిలో అందరికంటే చిన్నది, అందరికంటే ఘాటైనది కాబట్టి ఆ పిల్లకా పేరు. "గింజని పంది నమల్లేదు టీచర్. చూడండి, మొత్తంగా ఉంది. పేడలో పడి మొలుస్తుంది. అంటే చెట్టుకి పంది కావాలి."

టీచరుకి తనే మొలకెత్తినంత సంతోషమేసింది. మరి పందులే ఎక్కువైతే అని అడిగింది. మొలకల్ని కూడా తవ్వి తినేస్తాయన్నారు పిల్లలు. అందుకే పందికి చిరుత కావాలన్నారు. చిరుతని చంపేస్తే ఎవరికి నష్టమని అడిగితే, కాసేపు లెక్కలేసుకుని, చెట్టుకి నష్టమన్నారు. నెత్తురు మోచేతుల దాకా అంటుకున్న చేతులతో ఆమె చప్పట్లు కొట్టింది.

ఎదురుగా లారీలు తూచే గది. దాని కిటికీలో ఎర్ర శాలువా కప్పుకుని, ముక్కు చివర కళ్లజోడుతో తూకం అత్త కూర్చుని ఉంది. మిరియానికి అమ్మమ్మ, మిగతా అందరికీ అత్త. "పందుల కడుపులు చూసింది చాల్లే," అని కేకేసింది. "నీ కడుపు సంగతేంటి?"

"లారీ వచ్చింది, తూచుకో అత్తా."

"లారీ ఎక్కడికి పోతుంది? నిన్ను తూచే రోజు కోసం చూస్తున్నాను నేను."

పిల్లలకి అర్థం కాకపోయినా విరగబడి నవ్వారు.

మామగారు నవ్వలేదు. ఆయన మిల్లు మేస్త్రీ. క్వార్టర్లు ఆయన చేతికింద, బడి నడిచే గది ఆయన చేతికింద, దాని తాళంచెవి ఆయన మొలతాడుకి. ఆ రాత్రి అన్నాల దగ్గర ఇది బడా, కటికకొట్టా అని అడిగాడు. అడుగుతూనే తన కంచంలో మంచి ముక్క ఏరి, మాట్లాడకుండా కోడలి కంచంలో వేశాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది, పూర్తిగా కోపం తెచ్చుకోనివ్వడు.

ఆమెకి అడగాల్సింది ఒకటుంది. క్వార్టర్ల నుంచి బడికి దారి దుంగల వరసల మధ్యగా పోతుంది. మేస్త్రీ పెంచే కాపలా కుక్కలు ఉండేది అక్కడే. కలప దొంగల కోసమని సాయంత్రం సైరన్‌కి విప్పి, పొద్దుటి సైరన్‌కి కట్టేస్తాడు. ప్రతి కుక్క మెడకీ నీలం నైలాను తాడు, దుంగల మోపుకి వేసే ముడి. అన్నిటికీ పెద్ద, పసుపు రంగుది, పేరు దొర. వాటికి కడుపునిండా పెట్టడు. ఈ మధ్య వాటి చూపు బాగాలేదని, పిల్లలు నడిచే దారి కదా, కాస్త తిండి పెంచమని ఆమె అడిగింది.

"కడుపు నిండిన కుక్క కాపలా కాయదమ్మాయ్, కాళ్లు చాపుకుని పడుకుంటుంది," అన్నాడు మేస్త్రీ. "ఇప్పటికే దొంగ వెధవలు రెండిటిని ఎత్తుకుపోయారు."

తూకం అత్త చచ్చిపోయింది ఆ వారంలోనే.

మంచు పట్టిన తెల్లవారు. సైరన్ ఇంకా మోగలేదు. గేటు దగ్గర లారీ ఒకటి ఆగకుండా హారన్ కొడుతుంటే, డ్రైవర్‌ని తిట్టుకుంటూ అత్త తూకం గది తెరవడానికి బయల్దేరింది. సైరన్ మోగాక కుక్కల్ని కట్టడానికి వెళ్లిన మేస్త్రీకే ఆమె దుంగల మధ్య దొరికింది. దొర మూతి ఎర్రగా ఉంది. రక్తం వాసనకొచ్చి నాకి ఉంటుందనుకున్నాడు ఆయన. ఎందుకంటే తడి రంపపు పొట్టులో, శవానికి రెండు బారల దూరంలో, అరచెయ్యంత చిరుత అడుగులు స్పష్టంగా ఉన్నాయి. అవి చూశాక మిల్లులో ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు.

ఒంటికి నీళ్లు పోసిన ఆడవాళ్లలో కొత్త టీచరు ఉంది. పిక్కలు ఊడి వచ్చేశాయి. ముంజేతుల మీద కండ ఎముక దాకా లేచిపోయి, తెల్లగా కనిపిస్తోంది. ఒక చెవి లేదు. నడుం దగ్గర ఎన్నో నోళ్లు ఒకేసారి లాగినట్టు చర్మం నలుదిక్కులా చిరిగింది. నీళ్లు ఎన్నిసార్లు మార్చినా ఎర్రగానే పోతున్నాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. మెడ మీద గీత కూడా లేదు.

శాలువా తీసి మడతపెట్టబోతే ఒక మూల లేదు. కొరికేసినట్టుంది.

బయటికి వచ్చి మేస్త్రీతో చెప్పింది. చిరుత మెడ పట్టుకుంటుంది, కాళ్లు పీకదు, ఇది గుంపు చేసిన పని అంది. ఆయన కళ్లు వాచిపోయి ఉన్నాయి. తూకం అత్త, ఆయన ఒకే ఏడు మిల్లులో చేరినవాళ్లు. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు," అన్నాడు. "పోయి పడుకో అమ్మాయ్." గుమ్మంలో మిరియం అమ్మమ్మ కళ్లజోడు చేత్తో పట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. అద్దం మీద మరకని బొటనవేలితో రుద్దుతూ ఉంది, ఎంత రుద్దినా పోవడం లేదు.

మధ్యాహ్నానికి చిరుతని కనిపెట్టారు. యార్డు చివర ఏళ్ల తరబడి కదలని దుంగల గుట్ట కింద దూరి ఉంది. మనుషులంతా గొడ్డళ్లు, పలుగులు, దుంగలు లాగే కొక్కెం కర్రలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. డీజిల్‌లో ముంచిన గుడ్డలు అంటించి కన్నంలోకి తోశారు. టీచరు బడి మెట్ల మీద నిలబడి ఆ నల్లటి పొగనే చూస్తోంది. పిల్లల్ని లోపలుంచి తలుపేసింది కానీ కిటికీల్లో అన్నీ తలలే.

అది బయటికి రావడం ఎవరికీ కనిపించలేదు. లారీ క్లీనరు నెత్తి మీది చర్మం ముసుగులా ముందుకు జారి, కళ్లు కప్పేశాక కనిపించింది. అతను అరుస్తూ రెండు చేతులా దాన్ని మళ్లీ పైకి తోసుకుంటున్నాడు. చిరుత మరొకడి భుజం మీదికి ఎగిరింది. అప్పుడు కొక్కెం ఒకటి దాని డొక్కలో దిగింది. దిగి, లోపల ఎముకకి పట్టుకుని, దాన్ని గాల్లోంచి కిందికి లాగింది. ఆ కర్ర పట్టుకున్నది ఆమె మొగుడు.

ఆ తరవాత అందరూ మీదపడ్డారు. గొడ్డలి వెనక్కి తిప్పి కొట్టారు, పలుగుతో పొడిచారు. చిరుత ఒకసారి పిల్లి కూనలా సన్నగా అరిచింది. దవడ విరిగాక ఆ చప్పుడు కూడా లేదు. చచ్చిన తరవాత కూడా చాలాసేపు కొట్టారు, తడిసిన పరుపు మీద కొడుతున్నట్టుంది చప్పుడు. ఆమె మొగుడు తల ఎత్తి ఇటు చూశాడు. మొహమంతా నెత్తురు తుంపరలు, పళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఒక్క క్షణం అతనెవరో ఆమెకి తెలియలేదు.

శవాన్ని బడి ముందుకి ఈడ్చుకొచ్చారు. చర్మం ఒలిచి తలుపుకి కొడతానన్నాడు మేస్త్రీ, తూకం అత్త ఉసురు తీసినదాన్ని ఊరంతా చూడాలన్నాడు. ఆమె మెట్లు దిగి వచ్చింది. మామగారు పక్కనే ఉన్నాడన్నది కూడా మర్చిపోయింది.

"కత్తి ఇవ్వు," అంది మొగుడితో.

"ఇవ్వరా," అన్నాడు మేస్త్రీ కూడా. "కొయ్యి అమ్మాయ్. నా మాట నమ్మడం లేదుగా. దాని పొట్టలోంచి అత్తని బయటికి తీసి చూపించు అందరికీ."

ఎవరు తలుపు తీశారో, పిల్లలు బయటికి వచ్చేశారు. ఎవరూ చెప్పకుండానే వచ్చి, అలవాటు ప్రకారం చుట్టూ కూర్చున్నారు. మిరియం కూడా వచ్చి కూర్చుంది. లేపబోయిన చెయ్యిని తోసేసింది.

ఆమె కోసింది. చిరుత కడుపు పంది కడుపులా కాదు, గట్టిగా, బంతిలా ఉంది. లోపల పచ్చి కంపు. గోధుమరంగు వెంట్రుకల ముద్దలు. సగం కరిగిన పంజా ఒకటి, గోళ్లతో సహా. వేలెడు పొడుగు నీలం నైలాను తాడు, దుంగల మోపుకి వేసే ముడి. ఆమె ఒక్కొక్కటే పలక మీద పెట్టింది. ఇంకేమైనా ఉందేమోనని సంచీని తిరగేసి దులిపింది. మనిషిది ఏమీ లేదు.

"చిరుత కడుపులో కుక్క," అన్నాడు పొడుగు పిల్లాడు మెల్లగా.

కొక్కేలు, గొడ్డళ్లు పట్టుకున్న మగవాళ్లంతా ఆ ముడినే చూస్తున్నారు. దొంగలు ఎత్తుకుపోయారనుకున్న కుక్కల్ని ఎత్తుకుపోయింది ఎవరో అందరికీ తెలిసిపోయింది. అది ఇన్నాళ్లూ ఈ యార్డుకి దేనికోసం వస్తోందో కూడా తెలిసిపోయింది. గొలుసు అక్కడ ఆగితే బాగుండేది. కానీ ఆపకూడదని నేర్పింది తనే.

"కుక్క కడుపులో?" అంది మిరియం.

పిల్లలంతా టీచరు వైపు తిరిగారు.

"కుక్క కడుపులో ఎవరు టీచర్?"

మేస్త్రీ పలకని తన్నాడు. పంజా, వెంట్రుకలు పిల్లల ఒళ్లో పడ్డాయి. లేవబోయిన కోడలి చెంప మీద కొట్టాడు. ఆమె పెదవి చిట్లి, నోట్లో ఉప్పగా తగిలింది. రెండో దెబ్బకి చెయ్యి ఎత్తేలోపు కొడుకు మధ్యకి వచ్చాడు. తండ్రి తన భుజాన ఉన్న కుక్క తాడు తీసి కొడుకు వీపు మీద ఎడాపెడా బాదుతుంటే, అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పక్కకి జరగలేదు.

"చచ్చినదాన్ని కోసి, బతికున్నవాటి మీద నిందలేస్తావా?" అన్నాడు మేస్త్రీ రొప్పుతూ. "నా చేత్తో పాలు పట్టి పెంచాను వాటిని. రేపట్నుంచి బడి లేదు, ఏమీ లేదు. చర్మం ఈ తలుపుకే కొడతాను. ఎవడు తీస్తాడో చూస్తాను."

సాయంత్రం వాళ్ల గదిలో ఆమె బట్టకొస తడిపి మొగుడి చెవులు తుడిచింది. పొట్టుతో పాటు ఎండిన నెత్తురు పెంకులుగా ఊడివస్తోంది. ఇద్దరి మధ్యా గ్లాసులో టీ చల్లారిపోయింది. రోజూ ఎవరు ముందు తాగాలని కొట్లాడుకునే గ్లాసే.

"అది చచ్చిందని నాకు తెలిసింది," అన్నాడతను. "తెలిశాక కూడా కొట్టాను."

"చూశాను."

"నన్ను చూసి భయమేసిందా?"

ఆమె రెండో చెవి తనవైపు తిప్పుకుంది. "కొంచెం," అంది. "కదలకు. ఇంకా ఉంది."

ఆమెకి అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. కుక్కల్ని తినేది చచ్చిపోయింది. కుక్కలకి మనిషి రుచి తెలిసింది. పొద్దున్నే పిల్లలు అదే దారిలో నడుస్తారు. బడి లేదని మేస్త్రీ అన్నాడు గానీ, ఆ మాట ఇళ్ల దాకా ఎవరు చేరవేశారు? తెల్లారగానే దారికి అడ్డం నిలబడి పిల్లల్ని వెనక్కి పంపాలని ఇద్దరూ అనుకున్నారు. అతను కొక్కెం కర్ర మంచం పక్కన పెట్టుకున్నాడు. ఆమె తలగడలో తన సగం కూడా అతనికే వదిలేసి, పైకప్పు చూస్తూ పడుకుంది.

కానీ మేస్త్రీ వాళ్లకంటే ముందు లేచాడు. అసలు పడుకుంటేగా. చీకటి పడేదాకా చర్మం ఒలిచి, కొవ్వు గీకి, బడి తలుపుకి మేకులు కొట్టాడు. ఆ బట్టలతోనే కూర్చుని తెల్లవార్లూ కాపలా కాశాడు. కుక్కల మీద నింద పడనివ్వకూడదని మనసులో ఒకటి నిశ్చయించుకున్నాడు. సైరన్ మోగింది. ఆయన కుక్కల్ని కట్టలేదు. ఈలవేసి, మొత్తం గుంపుని వెంటబెట్టుకుని, పిల్లలు వచ్చే దారిలోకి నడిచాడు. తన కుక్కలు పిల్లల మధ్య ఎంత బుద్ధిగా నడుస్తాయో ఊరంతా కళ్లారా చూడాలి. అదీ ఆయన పంతం.

టీచరు, ఆమె మొగుడు చేరేసరికి పిల్లలు సగం దారిలో ఉన్నారు. మిరియం ముందుంది, మేస్త్రీకి ఎదురుగా.

"రా తల్లీ," అన్నాడు ఆయన. గొంతు బతిమాలుతున్నట్టుంది. "దీని తల నిమురు. ఏమీ అనదు. చూడు, ఇలా."

అని చెయ్యి చాపి దొర తల మీద పెట్టబోయాడు. ఆ చేతికి గోళ్ల దాకా చిరుత కొవ్వు, నెత్తురు. మూడు పూటలుగా తిండి లేని కుక్క ఆ చేతిని వాసన చూసింది, ఒకసారి నాకింది. తరవాత నోరు మూసింది.

మేస్త్రీ మొదట నవ్వాడు. అది ఆట అనుకున్నాడు. ఎముక విరిగిన చప్పుడుకి ఆ నవ్వు అరుపైంది. దొర తల విదిలిస్తూ వెనక్కి లాగింది, ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. నెత్తురు పొట్టు మీద చిమ్మింది. మిగతావి అందుకోసమే కాచుకున్నట్టు నాలుగు వైపుల నుంచీ అందుకున్నాయి. ఒకటి పిక్క, ఒకటి తొడ, ఒకటి నడుం దగ్గర చొక్కాతో సహా.

పిల్లలు పరుగు లంకించుకోబోయారు.

"పరిగెత్తొద్దు!" అని కేకేసింది ఆమె. "పైకెక్కండి. దుంగల మీదికి."

పరిగెత్తేది ఏదైనా తిండి అయిపోతుందని తరగతిలో ఎన్నిసార్లు చెప్పుకున్నారో. ఆ మాట పిల్లల కాళ్లకి గుర్తుంది. ఒకళ్ల చేతులు ఒకళ్లు అందిస్తూ దుంగల గుట్ట ఎక్కేశారు. మిరియం మాత్రం కదలకుండా నిలబడిపోయింది. నల్లకుక్క ఒకటి మేస్త్రీని వదిలి ఆ పిల్లవైపు తిరిగింది. ఆమె మొగుడు కొక్కేన్ని కింది నుంచి పైకి విసిరాడు. అది కుక్క గొంతుకలో గుచ్చుకుంది. దాన్ని అలాగే గుంజి దుంగకేసి కొట్టాడు, నడుం విరిగి కాళ్లు తన్నుకుంటూ ఉండిపోయింది. ఇంకొకటి అతని మోచెయ్యి పట్టుకుంది. ఆ చేత్తోనే దాన్ని నేలకి అదిమి, మోకాలు గొంతు మీద పెట్టి, ఊపిరి ఆగేదాకా తియ్యలేదు.

ఆమె చేతిలో బడి గంట కొట్టే ఇనుప కడ్డీ ఉంది. ఇంట్లో గూట్లోంచి ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు. దొర ఇప్పుడు మేస్త్రీ మొహం మీదికి పాకుతోంది. ఆమె దాని వెనక నిలబడి, రోజూ గంట కొట్టేంత బలంగా ఒకటి వేసింది. అది వదల్లేదు. మళ్లీ వేసింది. మూడోసారికి పుర్రె లోపలికి దిగింది. కడ్డీ ద్వారా ఆ మెత్తదనం అరచేతికి తెలిసింది. చచ్చాక కూడా దాని పళ్లు విడిపోలేదు. కడ్డీని దవడల మధ్య పెట్టి పెకలించాల్సి వచ్చింది. పెద్ద కుక్క పడిపోగానే మిగిలినవి తోకలు ముడిచి అడవి వైపు పారిపోయాయి.

మేస్త్రీ చెయ్యి మణికట్టు దగ్గర ఉత్త చర్మం మీద వేలాడుతోంది. కొడుకు చొక్కా చింపి మోచేతి పైన గట్టిగా కట్టాడు. మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చారు, లారీ స్టార్ట్ చేశారు. ఎక్కించబోతే ఆయన ఎడం చేత్తో దుంగని పట్టుకుని వదల్లేదు.

"ముందు దాన్ని కొయ్యి," అన్నాడు కోడలితో. పెదాలు తెల్లబడ్డాయి.

"ముందు ఆస్పత్రికి పద మావయ్యా."

"కొయ్యమన్నానా."

ఆమె దొర పొట్ట కోసింది. లోపల దాదాపు ఖాళీ. రంపపు పొట్టు, చెక్క బెరడు ముక్కలు, గడ్డి, ఆకలికి ఏది దొరికితే అది. వాటి మధ్య ఉండలా చుట్టుకుపోయిన ఎర్ర ఉన్ని.

మిరియం దగ్గరికి వచ్చి దాన్ని తీసుకుంది. మేస్త్రీ తనని చూస్తుండగానే దాన్ని పిండింది, విప్పింది, అరచేతి మీద సాపు చేసింది. శాలువా మూల. దుంగల మీది నుంచి పిల్లలంతా చూస్తున్నారు.

"కుక్క కడుపులో అమ్మమ్మ," అంది మిరియం. గొలుసు ఆపకూడదు కాబట్టి మిగతాది కూడా చెప్పింది. "అమ్మమ్మ కడుపులో మా అమ్మ. మా అమ్మ కడుపులో నేను."

మేస్త్రీ పట్టుకున్న దుంగని వదిలేశాడు. అప్పుడెక్కించారు లారీలోకి.

ఆయన ఆస్పత్రిలో ఉండగానే మిగిలిన కుక్కల కోసం రోజూ పెద్ద గిన్నెలో తిండి వండి అడవి అంచున పెట్టారు. రెండు తిరిగొచ్చాయి, కంచె లోపల ఉంటున్నాయి. ఇప్పుడు వాటిని విప్పరు. తలుపుకి కొట్టిన చర్మాన్ని మొగుడూ పెళ్లాం కలిసి మేకులు ఊడదీసి, చిరుత ఒంటితో పాటు అడవి దగ్గరికి మోసుకుపోయారు. దారిలో అతని కట్టు ఊడి నెత్తురు కారితే, చంటిపిల్లాడిని తిట్టినట్టు తిట్టి మళ్లీ కట్టింది. నెత్తిన చచ్చిన చిరుతని పెట్టుకుని కూడా ఇద్దరూ కాసేపు ఒకళ్ల వేళ్లు ఒకళ్లు పట్టుకుని నడిచారు. అదేం సంతోషమో, దానికి సిగ్గు కూడా ఉండదు.

మర్నాడు తరగతి అక్కడే నడిచింది. దూరంగా కూర్చుని చూశారు. ముందు రాబందులు కళ్లు పొడుచుకున్నాయి. తరవాత నక్క వచ్చి ఒక కాలు తెంపుకుపోయింది. చీమలు వరస కట్టాయి. పిల్లలు వచ్చిన ఒక్కొక్కదాని పేరూ చెబుతూ ఉంటే, చిరుత మెల్లగా అడవంతటికీ పంపకమైపోయింది.

మేస్త్రీ తిరిగొచ్చేసరికి కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది. అన్నం దగ్గర కంచం కదిలిపోతుంటే కోడలు పట్టుకుంది. ఆయన ఎడం చేత్తో మంచి ముక్క ఏరబోయాడు, అది జారి కింద పడింది. తరవాతి రోజు మొలతాడు నుంచి బడి తాళంచెవి విప్పలేక, కోడల్నే విప్పుకోమన్నాడు. ఆ తరవాత తనూ బడికి వచ్చి, పిల్లల వరస చివర, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ వేళ పలక మీద కోసింది ఒక చేప. గొలుసు వాన దాకా పోయింది. చివరి ప్రశ్న అడిగే వంతు మిరియానిది. వరసలో ఒక్కొక్కళ్లనీ అడుగుతూ వచ్చి మేస్త్రీ ముందు ఆగింది. అమ్మమ్మ కళ్లజోడు పెద్దదై ముక్కు మీద నిలవక మాటిమాటికీ పైకి తోసుకుంటోంది.

"మరి నిన్నెవరు తింటారు?"

ఆయన కట్టు కట్టిన మొండి చెయ్యి కొంచెం ఎత్తాడు. నవ్విద్దామనే అనుకున్నాడు పాపం.

"తినేశారుగా తల్లీ."

మిరియం నవ్వలేదు. ఆ చేతిని చూసింది, తరవాత ఆయన మొహంలోకి చూసింది.

"సగమే తిన్నారు," అంది. "ఇంకా సగం ఉంది. చెప్పు."

టీచరు అడ్డురాలేదు. సుద్దముక్క పట్టుకుని, మిగతా పిల్లలతో పాటు ఆయన జవాబు కోసం చూస్తూ నిలబడింది.